చిన్న ఫైబర్ బోటుకు ప్లానర్ బోర్డులు: పలకల కంటే ముందు మాస్టు సంగతి చూసుకోండి

బ్రదర్, మీరు అడిగింది ఇదీ. ఎన్నూరులో 22 అడుగుల సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు కొన్నారు, దానికి 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు ఉంది. ఇప్పటిదాకా వెనక రెండు గాలాలు లాగుతూ వంజరం కోసం తిరుగుతున్నారు. అమెరికా వాళ్లు ప్లానర్ బోర్డులు కట్టి గాలాలను బోటుకు రెండు పక్కలా దూరంగా పరచడం వీడియోల్లో చూశారు. ఏ బోర్డులు కొనాలి, ఎంత సైజు కొనాలి అన్నది మీ ప్రశ్న.

బోర్డుల గురించి చెబుతాను. కానీ మీరు డబ్బూ శ్రమా ముందుగా పెట్టాల్సింది బోటు మీద. బోర్డులో ఏముంది, రెండు చెక్కలు, నాలుగు బోల్టులు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అది నీళ్లలో పడ్డాక లాగే లాగుడు బోటులో ఎక్కడెక్కడికి పోతుందో ముందే తేల్చుకోకపోతే మాత్రం బోల్టులు ఫైబర్‌ను చింపుకుని బయటికొస్తాయి. మీ సైజు బోట్లలో చెడేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

మీరు చూసిన వీడియోలు చాలావరకు అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులవి అయి ఉంటాయి. వాటిలో ఈరీ సరస్సు అన్నిటికంటే లోతు తక్కువది, సగటు లోతు 19 మీటర్లే. అక్కడ వాల్‌ఐ అనే చేప నీటి పైపొరల్లో తిరిగేటప్పుడు బోటు నెత్తి మీదికి వస్తే పక్కకు తప్పుకుంటుంది. అలా తప్పుకున్న చేపకు గాలం ఎదురవ్వాలంటే గాలం బోటు దారిలో ఉండకూడదు, పక్కన ఉండాలి. బోర్డుల అవసరం అక్కడ పుట్టింది. వాళ్లు లాగే వేగం గంటకు ఒకటిన్నర నుంచి రెండున్నర మైళ్లు. ఉప్పునీటిలో ఉదాహరణ కావాలంటే అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ బే ఉంది. అక్కడ స్ట్రైప్డ్ బాస్ అనే చేప కోసం పెద్ద బోర్డులతోనే ట్రోలింగ్ (బోటు నడుపుతూ గాలాలు లాగడం) చేస్తారు. అంటే సముద్రపు నీటిలో ఈ పద్ధతి పనిచేయదేమో అన్న అనుమానం అక్కర్లేదు. మన దగ్గర తేడా అల్లా అలలతోనూ, వలలతోనూ. వాటి సంగతి చివర్లో చెబుతాను.

బోర్డుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఇన్‌లైన్ బోర్డు. అది చిన్నది, గాలం దారానికే క్లిప్పుతో తగిలిస్తారు, బోటులో ఏ మార్పూ అక్కర్లేదు. రెండోది మాస్టు బోర్డు. బోటులో ఒక స్తంభం నిలబెట్టి, దాని నుంచి వేరే తాడుతో పెద్ద బోర్డును లాగుతారు. గాలం దారాలు ఆ తాడు మీద జారే క్లిప్పులకు తగులుకుని ఉంటాయి. చేప కొట్టగానే దారం క్లిప్పు నుంచి విడిపోతుంది, ఆ తర్వాత చేపకూ మీకూ మధ్య ఇంకేమీ ఉండదు.

చెన్నై సముద్రానికి, వంజరానికి నా ఓటు రెండోదానికే. ఇన్‌లైన్ బోర్డు మన అలల మీద ఎగిరెగిరి పడుతుంది. అలా పడ్డప్పుడల్లా క్లిప్పు వదులవుతుంది. కాస్త పెద్ద డైవింగ్ లూర్ (లాగుతుంటే లోతుకు దిగే కృత్రిమ ఎర) కట్టారంటే అది చిన్న బోర్డును వెనక్కే లాగేస్తుంది, పక్కకు వెళ్లనివ్వదు. పైగా వంజరం మొదటి పరుగులో ఎలా లాక్కుపోతుందో మీకు తెలుసు, ఆ సమయంలో దారం మీద ఇంకో బరువు ఉండటం నాకు ఇష్టం లేదు. అయినా మాస్టు పని మొదలుపెట్టే ముందు ఒక జత ఇన్‌లైన్ బోర్డులు అరువు దొరికితే నాలుగు రోజులు లాగి చూడండి. వంపు తిరిగేటప్పుడు బోర్డు ఎలా ప్రవర్తిస్తుందో చేతికి అర్థమవుతుంది.

ఇప్పుడు మాస్టు. కాస్త లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. 75 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రెండు పలకల జంట బోర్డు 3 నాట్ల (గంటకు సుమారు ఐదున్నర కిలోమీటర్ల) వేగంలో సుమారు 20 కిలోల లాగుడు ఇస్తుందని అనుకోవచ్చు. మాస్టు ఎత్తు 180 సెంటీమీటర్లు, అంటే దాదాపు 6 అడుగులు. చాలామంది వెల్డింగ్ షాపులో పైపుకు కింద ఒక చదరపు ప్లేటు అతికించి, దాన్ని ముందు డెక్ మీద నాలుగు బోల్టులతో బిగిస్తారు. ఆ ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లు అనుకోండి. పైన 20 కిలోలు లాగితే కింద బోల్టుల మీద పడేది 180 కిలోల పైకి గుంజే బలం. ఇది నిలకడగా లాగినప్పటి మాట. అల దిగేటప్పుడు తాడు వదులై, ఎక్కేటప్పుడు ఒక్కసారిగా బిగుసుకుంటే అంతకు రెట్టింపు పడుతుంది. డెక్ ఫైబర్ మందం ఎంతో మీకు తెలుసు. ఎన్ని రోజులు ఆగుతుంది?

ప్లేటు పద్ధతి వద్దు. తెరచాప కొయ్యను నిలబెట్టే పాత పద్ధతే దీనికీ సరైనది: మాస్టును రెండు చోట్ల పట్టాలి, అడుగున ఒకచోట, అడ్డబల్ల దగ్గర ఒకచోట. బోటు అడుగు నుంచి మొదటి అడ్డబల్ల 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అదే 180 సెంటీమీటర్ల పైపును అడుగు నుంచి నిలబెడితే, పైన 20 కిలోల లాగుడుకు అడ్డబల్ల మీద పడేది 80 కిలోలు. అదీ పక్కకు నెట్టే బలమే, పైకి గుంజేది కాదు. ఏ బోల్టూ ఊడే అవసరం రాదు. ఎత్తు నీటి మట్టం నుంచి చూస్తే కొంచెం తగ్గుతుంది, ఫర్వాలేదు. మరీ ఎత్తు పెంచి బోటును ఒరగనివ్వడం కంటే ఇది నయం.

పైపును అడ్డబల్లకు ముందు వైపు ఆనించండి, వెనక వైపు కాదు. బోర్డులు ఎప్పుడూ వెనక్కి, పక్కకు లాగుతాయి కాబట్టి పైపు తనంత తానే బల్లకు ఒత్తుకుని నిలుస్తుంది. పక్కలకు జారకుండా ఒక యూ-బోల్టు వేస్తే చాలు, బల్లలో పెద్ద రంధ్రం చేయనక్కర్లేదు. పైకొస వెనక్కి పోతే కింది కొస ముందుకు తన్నుతుంది. కాబట్టి అడుగున వేసే దిమ్మకు ముందు వైపు గోడ గట్టిగా ఉండాలి. ఆ దిమ్మను మెరైన్ ప్లై ముక్కలతో చేసి, ఫైబర్ మ్యాట్, రెజిన్‌తో బోటు అడుగుకు అతికించండి. అడుగున మాత్రం స్క్రూ పెట్టవద్దు, ఎవరు చెప్పినా పెట్టవద్దు. దిమ్మలో నిలిచే నీళ్లు పోయేందుకు పక్కన ఒక చిన్న దారి వదలండి. చివరగా మాస్టు పైకొస నుంచి బోటు ముందు కొనకు ఒక తాడు బిగించి కట్టండి. వెనక్కి లాగే బలంలో ఎక్కువ భాగం ఆ తాడే మోస్తుంది.

ఒకటిన్నర అంగుళం బి-క్లాస్ జీఐ పైపు ఈ లెక్కకు సరిపోతుంది. స్టెయిన్‌లెస్ పెట్టగలిగితే 316 గ్రేడు అడగండి. 304 ఉప్పు గాలికి మచ్చలు పడుతుంది. బరువు తగ్గుతుందని అల్యూమినియం తీసుకుంటే రెండు అంగుళాల పైపు కావాలి. స్టీలు యూ-బోల్టు అల్యూమినియానికి నేరుగా తగలకుండా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, లేకపోతే ఆ రెండూ కలిసిన చోట అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా తినేసుకుపోతుంది.

మీది పాత బోటు అన్నారు కాబట్టి ఈ పనులన్నిటికంటే ముందు అడ్డబల్లను పరీక్షించాలి. ఒక చిన్న సుత్తి తీసుకుని, లేదా ఐదు రూపాయల బిళ్లతోనైనా, బల్ల ఒక చివర నుంచి మరో చివర దాకా రెండేసి వేళ్ల దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట టక్ టక్ మని పొడి శబ్దం వస్తుంది. లోపల చెక్క కుళ్లినా, ఫైబర్ చెక్కను వదిలేసినా శబ్దం మొద్దుబారి డబ్ మంటుంది. అలాంటి చోట పెన్సిల్‌తో గీత గీసుకోండి. అక్కడ కింద వైపు నుంచి సన్నటి డ్రిల్ బిట్టుతో ఒక రంధ్రం వేసి, బయటికొచ్చిన పొట్టును వేళ్ల మధ్య నలిపి చూడండి. పొడిగా, లేత రంగులో ఉంటే మంచిదే, రంధ్రం రెజిన్‌తో మూసేయండి. ముదురు గోధుమ రంగులో తడిగా, ముద్దగా వచ్చిందా, ఆ బల్ల మాస్టును మోయదు. పైన ఎంత మ్యాట్ వేసినా లాభం లేదు. కోసి తీసి, కొత్త ప్లై పెట్టి, రెండు వైపులా మ్యాట్ వేయించాలి. బల్ల బోటు గోడలకు కలిసే మూలలు కూడా చూడండి. అక్కడ వెంట్రుకవాసి పగుళ్లు ఉంటే బల్ల అప్పటికే కదులుతోందని అర్థం.

రాడ్ హోల్డర్ల గురించి ఒక్క మాట. బోటు అంచుకు స్క్రూలతో బిగించకండి, ఆరపార బోల్టు వేసి అడుగున అరచేయంత ప్లై ముక్క, దాని కింద పెద్ద వాషర్ పెట్టండి. రాడ్లు వాడకుండా చేతి తాళ్లతోనే లాగే అలవాటుంటే తాడు కట్టే చోట ఒక అడుగు సైకిల్ ట్యూబు కలపండి, చేప కొట్టినప్పుడు వచ్చే జెర్క్ అది మింగుతుంది.

ఇక బోర్డు. ప్లైవుడ్ షాపులో ‘మెరైన్’ అన్న మాట ఊరికే వాడేస్తారు, షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసి కొనండి. 12 మిల్లీమీటర్లది చాలు. నేను చెప్పిన సైజులో ఒక్కో పక్కకు రెండు పలకలు కోసి, వాటిని 30 సెంటీమీటర్ల ఎడంతో సమాంతరంగా పొడవాటి బోల్టులతో కలపండి. జంటగా ఉంటేనే అల మీద బోర్లా పడకుండా నిటారుగా నిలుస్తాయి. పై అంచుకు ఫోమ్ పట్టీ, కింది అంచుకు కొద్దిగా సీసం. ముందు కొసను 45 డిగ్రీల వాలుగా చెక్కాలి. ఆ వాలు బోటు వైపు ఉన్న ముఖం మీద రావాలి, మొన బయటి వైపు ఉండాలి. అప్పుడే నీళ్లు లోపలి ముఖాన్ని తాకి బోర్డును బయటికి నెడతాయి. ఎడమ పక్క బోర్డు కుడి పక్కకు పనికిరాదు, కాబట్టి కోసే ముందు రెండింటినీ నేల మీద ఎదురెదురుగా పెట్టి గీతలు గీసుకోండి. కోసిన అంచులన్నిటికీ రెజిన్ పూత తప్పనిసరి, ప్లై నీళ్లు తాగేది అంచుల నుంచే.

తాడు తగిలించే చోటే బోర్డుకు ప్రాణం. ఒకే రంధ్రం వేయకండి. లోపలి పలక మీద ముందు నుంచి మూడో వంతు దూరంలో ఒకటి, దానికి అటూ ఇటూ మూడేసి సెంటీమీటర్ల దూరంలో మరి రెండు వేసుకోండి. గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు ముడిని జరిపి చూసుకున్నట్టే ఇదీ. తాడు ముందు రంధ్రంలో ఉంటే బోర్డు నీటికి తక్కువ కోణంలో నిలుస్తుంది, లాగుడు తక్కువ, నిలకడ ఎక్కువ. వెనక రంధ్రంలోకి మారిస్తే బయటికి ఎక్కువ లాగుతుంది, మరీ ఎక్కువైతే నీటిని చీల్చలేక అడ్డం తిరిగిపోతుంది. ముందు రంధ్రంతోనే మొదలుపెట్టండి. బోర్డు సరిగ్గా నడుస్తుంటే ముక్కు కొంచెం ఎత్తి, వెనక ఒకే నురుగు గీత వదులుతూ పోతుంది. ముక్కు నీళ్లలోకి దూరుతూ లేస్తూ ఉంటే వేగం ఎక్కువైనట్టు, లేదా ఫోమ్ చాలనట్టు. కనిపించేలా నారింజ రంగు వేసి, పైన ఒక చిన్న జెండా కట్టండి.

బోర్డును లాగే తాడు అల్లిన పాలిస్టర్‌ది తీసుకోండి, నైలాన్ సాగుతుంది. క్లిప్పుల కోసం బయటి నుంచి ఏమీ తెప్పించనక్కర్లేదు. గ్రేట్ లేక్స్‌లో కూడా చాలామంది స్నానాల గది కర్టెన్‌కు వాడే రింగులనే తాడు మీద జారడానికి వాడతారు. ఆ రింగుకు ఒక రబ్బరు బ్యాండు, బ్యాండును గాలం దారానికి రెండు మెలికలు వేసి తగిలిస్తే చేప కొట్టగానే బ్యాండు తెగి దారం విడిపోతుంది. మన ఎండకు రబ్బరు బ్యాండ్లు ఊరికే పాడవుతాయి. ఏ రోజుకారోజు కొత్తవి వాడండి, మిగిలినవి డబ్బాలో నీడన ఉంచండి.

గాలాలను వేసే క్రమంలో ఒక పద్ధతి పాటించండి. లోతుకు దిగే లూర్ బోటుకు దగ్గరగా, పైపైన నడిచేది బయట. అలా అయితే బయటి గాలానికి పడ్డ చేపను మిగతా దారాల మీదుగా వెనక్కి తేవచ్చు, చిక్కు పడదు. వంపు తిరిగేటప్పుడు లోపలి బోర్డు నెమ్మదించి వాలుతుంది, బయటిది వేగం అందుకుంటుంది. అందుకే వంపు వెడల్పుగా తీసుకోవాలి. ఆ సమయంలో ఏ పక్క చేప కొట్టిందో గుర్తుపెట్టుకోండి. బయటి పక్క అయితే చేపకు ఇంకాస్త వేగం కావాలన్నమాట, లోపలి పక్క అయితే తగ్గించమన్నమాట. మీకు ఒక్కో పక్క రెండేసి గాలాలు చాలు, తాడు 20 మీటర్లకు మించి వదలకండి.

వేగం మీకు పెద్ద సమస్య అవుతుంది. కవళ్లు, కానాగంతలు కట్టి వంజరానికి నెమ్మదిగా లాగాలంటే 2 నుంచి 3 నాట్లు కావాలి. బోర్డులు బాగా పనిచేసే వేగమూ అదే. ఆరేడు నాట్లతో లాగే లూర్లకు ఈ ఏర్పాటు వద్దు, వెనక గాలాలే మేలు. ఎందుకంటే వేగం రెట్టింపైతే బోర్డు లాగుడు నాలుగు రెట్లవుతుంది. మరోవైపు మీ టూ-స్ట్రోక్‌ను గంటల తరబడి ఐడిల్‌కు దగ్గరగా నడిపితే కాలని ఆయిల్ పేరుకుని ప్లగ్గులు నల్లబడతాయి, ఒడ్డుకు వచ్చే వేళకు స్టార్ట్ అవ్వక టెన్షన్. ఇంజిన్‌ను కొంచెం పైన తిప్పుతూ, వేగాన్ని మాత్రం తగ్గించే దారి చూడండి. క్యాన్వాస్‌తో కుట్టిన గరాటు సంచులు రెండింటిని మాస్టుకు దగ్గరలో రెండు పక్కలా పొట్టి తాడుతో నీళ్లలో వదిలితే సరిపోతుంది. తాడు ఎట్టి పరిస్థితిలోనూ ప్రొపెల్లర్ దాకా చేరనంత పొట్టిగా ఉండాలి. అప్పుడప్పుడు గాలాలు చుట్టేసి ఐదు నిమిషాలు ఇంజిన్‌ను గట్టిగా నడపండి. విడి ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు బోటులోనే ఉండాలి.

జీపీఎస్ చూపేది నేల మీద వేగం, బోర్డుకు తెలిసేది నీటిలో వేగం. మన తీరం వెంట ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ప్రవాహం ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. ఒక నాట్ ప్రవాహం ఉన్న రోజున జీపీఎస్‌లో 3 అని చూసుకుంటూ ప్రవాహంతో పోతే నీటిలో మీ వేగం 2, ఎదురుగా వస్తే 4. అదే 3 అంకె, కానీ మాస్టు మీద పడే బరువులో నాలుగింతల తేడా. కాబట్టి తెర మీద అంకె కంటే బోర్డు తాడు కోణాన్నీ, లూర్ ఆడటాన్నీ చూసి వేగం పెట్టుకోండి.

వలల సంగతి చెబుతానన్నాను. ఎన్నూరు నుంచి కాసిమేడు దాకా తెల్లవారుజామున ఎక్కడ చూసినా వలల బెండ్లు తేలుతూ ఉంటాయి. రెండు పక్కలా 20 మీటర్లు పరిచి మీరు 40 మీటర్ల వెడల్పు దారి తీసుకుంటున్నారు. మీ బోర్డు ఒకరి వలను తగిలితే తెగేది ఆ కుటుంబం అన్నం. ఎవరి వల ఎటు వైపు వేశారో ముందురోజు సాయంత్రమే మీ జాలర్ల కుప్పంలో కనుక్కోండి, వలలు లాగేసిన తర్వాతే బోర్డులు దింపండి. మాస్టుకు తాడు కట్టే చోట 60 కిలోలకు తెగే మోనోఫిలమెంట్ ఉచ్చు ఒకటి పెట్టండి. బోర్డు దేనికైనా పట్టుకుంటే ముందు అది తెగాలి. బోర్డు పోతే పోనివ్వండి. చేతికందేలా కత్తి ఒకటి మాస్టు పక్కనే కట్టి ఉంచండి.

ఎన్నూరులో కామరాజర్ పోర్టు, దాని పక్కనే కాట్టుపల్లి, దక్షిణాన చెన్నై పోర్టు. ఓడల దారిలోకి బోర్డులతో అసలు వెళ్లకండి. చాలామంది ‘మేం చేపలు పడుతున్నాం, ఓడే తప్పుకోవాలి’ అనుకుంటారు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర రాకపోకల నియమాల్లో మూడో రూలు ప్రకారం, బోటు తిరగడానికి అడ్డురాని ట్రోలింగ్ గాలాలు లాగే బోటు ‘చేపల వేటలో ఉన్న నౌక’ కిందికి రాదు. వలలు, ట్రాల్ లాగే వాళ్లకు ఉండే ప్రాధాన్యం మీకు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మీ బోటు కేటగిరీకి ఎలా వర్తిస్తుందో ఫిషరీస్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాగితం చూపించి అడగండి.

ఒక్కరే వెళ్లి ఈ పని చేయలేరు. టిల్లర్ (ఇంజిన్‌ను తిప్పే పిడి) పట్టేవాళ్లు ఒకరు, బోర్డులు, గాలాలు చూసేవాళ్లు ఇంకొకరు, కనీసం ఇద్దరుండాలి. లైఫ్‌జాకెట్ వేసుకునే ఉండాలి, టిల్లర్ దగ్గరున్నవాళ్ల చేతికి ఇంజిన్ ఆపే తాడు కట్టి ఉండాలి. మొదటిసారి ఒక్క పక్క బోర్డు మాత్రమే, గాలాలు లేకుండా, ఉత్త తాడుతో దింపండి. బోటు ఏ పక్కకు ఒరుగుతోంది, స్టీరింగ్ ఎంత లాగుతోంది, అడ్డబల్ల దగ్గర పైపు కదులుతోందా అన్నవి చూడండి. ఒడ్డుకు వచ్చాక యూ-బోల్టు నట్లు మళ్లీ బిగించండి, కొత్తగా వేసిన మ్యాట్ మీద తెల్లటి గీతలు ఏమైనా వచ్చాయేమో వెలుతురులో చూడండి. గీతలు వస్తే ఆ చోట ఇంకో రెండు పొరలు వేయాలి.

మీ మొదటి అడ్డబల్ల ముందు కొన నుంచి ఎంత దూరంలో ఉంది, దాని మందం, అడుగు నుంచి ఎత్తు, అక్కడ బోటు వెడల్పు, ఈ నాలుగు కొలతలు రాయండి. తట్టి చూసినప్పుడు మొద్దు శబ్దం ఎక్కడైనా వచ్చిందేమో కూడా చెప్పండి. దిమ్మ ఎంత సైజులో, ఎక్కడ వేయాలో గీసి పెడతాను.